పక్క సీటు బ్రేకు

మార్చి 8, శనివారం

ఈ డైరీ టైర్ల షాపువాడు ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఇందులో స్టూడెంట్ల సంగతులే రాశాను. ఎనిమిదింటి బ్యాంకు మేనేజరు క్లచ్ మీంచి కాలు తియ్యడు. తొమ్మిదింటి టీచరమ్మ అద్దంలో తన మొహం చూసుకుంటుంది తప్ప వెనకొచ్చే లారీని చూడదు. ఇవాళ ఇంటి సంగతి రాయాలనిపించింది. సంతోషంగా ఉన్నాను, అందుకు.

అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఫిజియోథెరపీ చదివింది కదా, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించే పని. ఎక్కడెక్కడో ఉంటాయట ఆ ఇళ్ళు. సంస్థవాళ్ళు కారిస్తారు, తనే నడుపుకుంటూ తిరగాలి. చేరుతున్నానని పదిహేనో తారీకు మధ్యాహ్నంలోగా మెయిల్ పెట్టాలి. మెయిల్ పెట్టడానికి ముందు ఒక లాంగ్ డ్రైవ్ చేసి చూసుకుంటానంది. అక్క కూడా ఈ మధ్యే హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. రెండూ కలిసొచ్చి సముద్రం ఒడ్డున ఏదో రిసార్టు బుక్ చేశారు. మూడు వందల కిలోమీటర్లు. మొత్తం అమ్మాయే నడుపుతుందట.

ఇదే అమ్మాయి డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు ఫెయిలైంది. ఊళ్ళో సగం మంది చేత స్టీరింగ్ పట్టించినవాడి కూతురు! లైసెన్సు ఆఫీసు గుమాస్తా నన్ను చూసి నవ్వు ఆపుకోవడం నా కళ్ళారా చూశాను. మూడోసారి పాసైంది. పాసయ్యాక తెలిసింది, నాకు చెప్పకుండా పక్క వీధి డ్రైవింగ్ స్కూల్లో నెల్రోజులు నేర్చుకుందని. నీ పక్కన కూర్చుంటే నా కాళ్ళు నావి కావు నాన్నా అంది. రెండు రోజులు నేను మాట్లాడలేదు.

మాకున్నది ఒకటే కారు, నా డ్రైవింగ్ స్కూలు కారు. పక్క సీటు కింద నాకూ ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. స్టూడెంట్లు వెనకాల నన్ను బ్రేకు మాస్టారంటారు. వాళ్ళకంటే ముందే తొక్కేస్తానట. తొక్కనా మరి? ఇరవై ఆరేళ్ళలో ఒక్క యాక్సిడెంటు లేదంటే ఊరికే లేదు.

ఆ రెండు పెడల్సూ పని చెయ్యకుండా చేస్తేనే నడుపుతానంది అమ్మాయి. మా ఆవిడ కూడా వంత పాడింది. మీ కాలు ఊరుకోదు, ముందు అవి తీయించెయ్యండి అంది. సరేనన్నాను.

మార్చి 9, ఆదివారం

మెకానిక్ షాపు మూసి ఉంది. తీయించేశాను, ఇప్పుడవి ఉత్త అలంకారమని ఇంట్లో చెప్పాను. నేను వాటి మీద కాలు పెడితే కదా.

మార్చి 10, సోమవారం, ఉదయం 10.30

పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. ఆడవాళ్ళు ముగ్గురూ లోపలికెళ్ళారు.

మూడు గంటలుగా అమ్మాయే నడుపుతోంది. బాగా నడుపుతోంది. గేర్లు వెన్నలా పడుతున్నాయి. మలుపుకి ముందే స్పీడు తగ్గిస్తోంది. పక్క వీధివాడు ఇంత బాగా నేర్పాడా అని కొంచెం కడుపు మండింది, రాయడానికేం. పైకి మాత్రం ఫర్వాలేదన్నాను. ఆ ఒక్క ముక్కకే దాని మొహం వెలిగిపోయింది. వెనక నుంచి అక్క, నోరు తెరిచి బాగుందని అంటే నీ సొమ్మేం పోతుందిరా అని నెత్తి మీద మొట్టింది. యాభై ఆరేళ్ళ మగాణ్ణి, ఇంకా మొట్టికాయలు తింటున్నాను.

అదే రోజు, సాయంత్రం 6

రాయక తప్పదు. రాస్తే అయినా సర్దుకుంటుందేమో.

భోజనం ఎక్కువైంది. ఏసీ చల్లగా తగులుతోంది. నిద్రపోయాను. పక్క సీట్లో కునుకు తియ్యకూడదని స్టూడెంట్ల భర్తలకి పాఠాలు చెప్పే నేను, నోరు తెరుచుకుని నిద్రపోయాను.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా లారీ. ఎర్ర లైట్లు, వేలాడుతున్న గొలుసు. అద్దం నిండా అదే కనిపించింది. తొక్కేశాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాను.

లారీ దూరంగానే ఉంది. అమ్మాయి ఉంచాల్సినంత దూరమే ఉంచింది. నిద్ర కళ్ళకి దగ్గరగా కనిపించిందంతే. కారు కీచుమని అరిచి, తోక తిప్పి, రోడ్డు పక్క మట్టిలో ఆగిపోయింది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, ఎందుకే అంత గట్టిగా తొక్కావు! ఇరవై ఆరేళ్ళుగా కారు ఉలిక్కిపడ్డ ప్రతిసారీ నేననే మాటే అది. దానంతటదే వచ్చేసింది. కావాలని అనలేదు. ఈ డైరీలో అబద్ధం రాయను, అది కావాలని అన్నది కాదు. అన్న తర్వాత కిందకి చూసుకుంటే నా కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. మెల్లిగా తీసేశాను.

అక్క బెల్టు పెట్టుకోలేదు. అమ్మాయికి బత్తాయి తొన ఇవ్వడానికి రెండు సీట్ల మధ్య నుంచి ముందుకి వంగి ఉందట. మూతి వెళ్ళి సీటు మూలకి కొట్టుకుంది. నోటి నిండా రక్తం. పై వరసలో ముందు పళ్ళు రెండు ఊడి అరచేతిలో పడ్డాయి. వాటికేసి చూస్తూ కూర్చుంది, ఏడవలేదు, అరవలేదు.

అమ్మాయి తన కాళ్ళకేసి చూసుకుంది. నేను తొక్కాననుకోలేదు నాన్నా, నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉందనుకున్నాను అంది. కంగారులో ఏం తొక్కామో మనకే తెలీదమ్మా అన్నాను. ఈ మాట మాత్రం పూర్తి మెలకువలోనే అన్నాను. అయితే నేనే తొక్కానేమో నాన్నా అంది.

దగ్గర్లోని చిన్న ఊళ్ళో పళ్ళ డాక్టరు దొరికాడు. కుట్లు వేశాడు, వారం పాటు మెత్తటివే తినాలన్నాడు. అమ్మాయి ఆయనకి అడక్కుండానే చెప్పింది, నేనే సడన్ బ్రేక్ వేశానండీ అని. నేను ఆ గదిలోనే ఉన్నాను. గోడ మీద దంతాల బొమ్మ చూస్తున్నాను.

మిగతా దారంతా నేనే నడిపాను.

మార్చి 11, మంగళవారం

రిసార్టంటే ఆరు గదులు. ఐదు ఖాళీ. రిసెప్షనిస్టూ మేనేజరూ వంటవాడూ ఒకడే మనిషి. సీజన్ కాదండీ అని వచ్చినప్పటి నుంచీ నాలుగుసార్లు చెప్పాడు. ఫోను సిగ్నల్ ఒక్కచోటే వస్తుంది, నీళ్ళ ట్యాంకు మెట్ల మీద, అదీ నాలుగో మెట్టు నుంచి. సముద్రం ఎదురుగానే ఉంది. ఎవరం దిగలేదు.

పొద్దున కిటికీలోంచి చూశాను. అమ్మాయి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తన చెప్పులు రెండూ ముందు పక్కపక్కన పెట్టుకుంది. కుడికాలు ఒక చెప్పు మీద పెడుతోంది, దాని మీంచి రెండో చెప్పు మీదికి జరుపుతోంది. మళ్ళీ మొదటిదాని మీదికి. అలా ఎంతసేపు చేసిందో. నిన్న తన కాలు ఏం చేసిందో గుర్తు తెచ్చుకుంటోంది. కర్టెన్ వేసేశాను.

మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి అడిగింది. నాన్నా, నువ్వు పక్కనే ఉన్నావుగా, నా కాలు బ్రేకు మీదికి రావడం చూశావా అని.

లేదు అనొచ్చు. నిద్రలో ఉన్నాను అనొచ్చు, అది నిజం కూడా. ఆ సగం నిజం చెప్పినా ఈ పూట కొంచెం మనిషిలా ఉండేవాణ్ణి.

చూశాను అన్నాను.

తలూపింది. సరే నాన్నా, చూసింది నువ్వు కాబట్టి ఇక అనుమానం లేదు అంది. గుమ్మం దాటేదాకా దాని వీపే చూస్తూ నిలబడ్డాను.

మార్చి 12, బుధవారం

అక్కకి అమ్మాయి స్పూనుతో జావ పట్టిస్తోంది. నేను బయటే తిన్నాను.

మార్చి 13, గురువారం, సాయంత్రం 4

మా ఆవిడతో ఒడ్డు వెంట నడిచాను. అక్కడ చెప్పేద్దామనే తీసుకెళ్ళాను. నోరు తెరిచాను కూడా. ఆవిడే ముందు మొదలుపెట్టింది. అమ్మాయి ఆ ఉద్యోగం వద్దనుకుంటోందట. పేషెంట్లని బాగుచెయ్యాల్సినదాన్ని, దారిలో ఇంకెవరి పళ్ళు రాలగొడతానో అందట. జన్మలో స్టీరింగ్ ముట్టుకోనందట. పోనీలెండి, దానికి డ్రైవింగు అచ్చిరాలేదు, ఇంటి పక్కన ఏ క్లినిక్కులోనో చేరుతుంది అంది మా ఆవిడ.

ఊఁ అన్నాను.

ఇంకా నయం, మీరు ఆ పెడల్స్ తీయించారు, లేకపోతే అందరూ మిమ్మల్నే అనుమానించేవాళ్ళు అని నవ్వింది. ఇక అక్కణ్ణుంచి ఎంతసేపు నడిచామో, ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు.

ఎందుకు చెప్పలేకపోతున్నానో రాయాలి. స్కూలు పేరు పోతుందని కాదు. ఇక్కడ జరిగింది అక్కడెవరికి తెలుస్తుంది? అక్క తిడుతుందనీ కాదు. అమ్మాయి ముందు చిన్నబోవడం నావల్ల కాదు, అదొకటి.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి పొద్దున్నుంచీ మూడుసార్లు పెన్ను తీసి మూసేశాను. మొన్న కారులో అది, నేనే తొక్కానేమో నాన్నా అన్నప్పుడు, నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. కొద్దిగానే. నా దగ్గర నేర్చుకుని ఉంటే ఇలా అయ్యేదా అనిపించింది. వెనక సీట్లో అక్క నోట్లోంచి రక్తం కారుతోంది, నాకు పక్క వీధివాడి మీద గెలిచినట్టుంది. ఛీ.

రాశాను. కొట్టెయ్యను, ఉండనీ.

మార్చి 14, శుక్రవారం, ఉదయం 8

అక్క నడుద్దాం రారా అంది. ఇసకలో తనకి నడవడం కష్టం, నా భుజం పట్టుకుంది. కొంత దూరం వెళ్ళాక ఒక పాత పడవ అంచు మీద కూర్చుంది. పళ్ళు పోయాక మాటకి మాటకి మధ్య గాలి పోతోంది. నవ్వొచ్చే గొంతు. నాకు నవ్వు రాలేదు.

నేను ముందుకి వంగి ఉన్నాను కదరా, నీ మోకాలు లేవడం చూశాను అంది.

సముద్రంకేసి చూశాను. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా అన్నాను చివరికి. సాయంత్రంలోగా నువ్వే చెబుతావనుకున్నాను అంది. సాయంత్రం చెప్పలేదు. తెల్లారాక చెబుతాడులే అనుకుందట. అలా నాలుగు రోజులు. ముప్ఫై ఐదేళ్ళు బడి నడిపినదాన్ని, తప్పు చేసినవాడు లేచి నిలబడడానికి ఎంత టైము ఇవ్వాలో నాకు తెలుసు, కానీ నువ్వు నా లెక్కంతా తప్పించావురా అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే కుట్లు లాగుతాయి.

నువ్వే చెప్పెయ్యి అక్కా అన్నాను. ఆ మాట అన్నది నేనే.

చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నేను చెబితే నువ్వు చెప్పినట్టు అవుతుందా అంది. నా పళ్ళకేముందిరా, డాక్టరు కొత్తవి పెడతాడు, అది రోజూ ఆ చెప్పులు ముందేసుకుని కూర్చుంటోంది, చూస్తున్నావా అంది.

చూస్తున్నాను అన్నాను.

చూస్తూనే అన్నం తిన్నావా నాలుగు రోజులూ అంది. తిరిగొచ్చేటప్పుడు కూడా నా భుజమే పట్టుకుని నడిచింది. ఒక్క విదిలింపు విదిలించినా బాగుండేది.

అదే రోజు, మధ్యాహ్నం 3

అమ్మాయికి చెప్పాలని వెళ్ళాను. ట్యాంకు మెట్ల మీద, నాలుగో మెట్టు మీద నిలబడి ఉంది. ఫోను జేబులో పెట్టుకుంటోంది. పంపేశాను నాన్నా, మనసు తేలికైంది అంది. రాలేనని రాసేసింది. గడువు రేపటిదాకా ఉంది కదే అంటే, రేపైనా ఇదేగా అంది. నా చెయ్యి పట్టుకుని, అత్తకి సారీ చెప్పాను, నీకే చెప్పలేదు, నీ ఇరవై ఆరేళ్ళ రికార్డు పోగొట్టాను, సారీ నాన్నా అంది.

నాకు సారీ చెప్పింది.

నేనేమన్నాను? పర్లేదమ్మా అన్నాను. ఇంత బతుకూ బతికి.

మార్చి 15, శనివారం, ఉదయం 11

చెప్పేశాను.

మాటలతో కాదు. మాటలు రావని తెలిసిపోయింది. పొద్దున్నే అమ్మాయిని కారు దగ్గరికి రమ్మన్నాను. డ్రైవర్ సీట్లో కూర్చో అన్నాను. కూర్చోనంది. బండి కదలదు, తాళం కూడా నా దగ్గరే ఉంది, ఒక్క నిమిషం కూర్చో అని బతిమాలాను. కూర్చుంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. కుడికాలు బ్రేకు మీద ఊరికే ఆనించు, నొక్కకు అన్నాను. ఆనించింది.

నేను నా పెడల్ తొక్కాను.

దాని కాలి కింద పెడల్ దానంతటదే కిందికి దిగింది. వదిలాను, పైకొచ్చింది. మళ్ళీ తొక్కాను. మూడోసారి తొక్కబోతే చాలు నాన్నా అంది.

తల వంచి తన పాదం కేసే చూస్తోంది. అప్పుడు మాటలొచ్చాయి నాకు. షాపు మూసి ఉండడం, తీయించానని అబద్ధమాడడం, నిద్ర, లారీ, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేశాయి. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నేనే ముక్కు చీదుకుంటూ ఏడ్చాను, సిగ్గు లేకుండా.

అంతా విని ఒకటే అడిగింది. నా కాలు బ్రేకు మీదికి రావడం చూశానన్నావు కదా అని.

అవునన్నాను.

నిద్రలో తొక్కావు, సరే, అది ఎవరైనా తొక్కుతారు, కానీ చూశానన్నావు కదా నాన్నా అంది. కోపంగా కూడా లేదు గొంతు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నవాళ్ళు అడిగినట్టు అడిగింది. తలుపు తీసుకుని దిగి వెళ్ళిపోయింది. ఆ మాట చెవుల్లోంచి పోవడం లేదు.

మా ఆవిడకి అమ్మాయే చెప్పింది. ఆవిడ గుమ్మంలో నిలబడి మీరా అంది. అంతే. తర్వాత నా బట్టలు నా బ్యాగులో, తన బట్టలు తన బ్యాగులో సర్దింది. ఎప్పుడూ కలిపి సర్దేది.

అదే రోజు, సాయంత్రం 5

అమ్మాయి ట్యాంకు మెట్లెక్కి సంస్థకి ఫోన్ చేసింది. గడువు దాటకముందే చేసింది. నిన్నటి మెయిల్ పొరపాటున పంపానని చెప్పిందట. అక్కడి మేడమ్‌కి నమ్మకం కుదరలేదు. డ్రైవింగ్ అంటే భయమని మీరే రాశారు కదమ్మా, సోమవారం ఉదయం తొమ్మిదింటికి రండి, మా డ్రైవర్ పక్కన కూర్చుని చూస్తాడు, ఆయన బాగుందంటేనే ఉద్యోగం అందట. భయమన్న మాట దాని చేత రాయించింది నేను.

మధ్యాహ్నం జనరేటర్ బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ వచ్చాడు. అమ్మాయి అతన్ని కారు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను పక్క సీటు కింద దూరి, రెండు బోల్టులు విప్పి, రాడ్డూ పెడల్సూ బయటికి లాగి మట్టిలో పెట్టాడు. పది నిమిషాల పని. వాచీ చూశాను, పది నిమిషాలు కూడా పట్టలేదు.

రేపు ఒక్కతే వెళ్తుందట. మేం ముగ్గురం బస్సులో రావాలి. వద్దనడానికి మా ఆవిడ నోరు తెరిస్తే అక్క మోచేత్తో పొడిచింది. అంత దూరం ఒక్కదానివే ఎలాగమ్మా అన్నాను నేను, నోరు ఊరుకోక. నీతో కంటే బాగానే వెళ్తాలే నాన్నా అంది.

మార్చి 16, ఆదివారం, ఉదయం 11.40, బస్సులో

మేం బయల్దేరేటప్పటికి అది వరండాలో టీ తాగుతోంది. తొందరేం లేదంది.

ఇప్పుడే మా బస్సుని దాటింది. మా కారే. అద్దం చూసుకుంది, ఇండికేటర్ వేసింది, ఎదురు ఖాళీ అయ్యేదాకా ఆగింది, దాటింది, బస్సుకి చాలినంత దూరం వెళ్ళాక గాని తన వరసలోకి రాలేదు. అలవాటు కొద్దీ తప్పు వెతికాను. దొరకలేదు.

లేచి నిలబడి చెయ్యి ఊపాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అది మిమ్మల్ని చూడదు, రోడ్డు చూస్తోంది అంది. నిన్నటి నుంచి ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట.